సీసాలో వంద మాత్రలు
(రోగుల కుటుంబ సభ్యుల సాయంకాల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుండి మీరంతా మంచాల పక్కన కూర్చుని, ల్యాబుకీ మందుల షాపుకీ తిరిగి అలసిపోయి ఉన్నారు. అయినా ఓపిక చేసుకుని ఈ హాలుకి వచ్చారు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ రోజు మీకు ఒక డ్రమ్ముల వాయిద్యకారుడి కథ చెబుతాను.

నర్సమ్మ వచ్చి బి.పి. గురించో షుగర్ గురించో చెబుతుందనుకుంటే ఈ డ్రమ్ముల సంగతేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కారణం చెబుతాను. పోయిన వారం ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని ఇలా అడిగింది. "సిస్టరమ్మా, మావాడు తాగుడు మానడానికి ఒప్పుకున్నాడు. ఆ మాత్రలేవో రెండు నెలలకు సరిపడా ఒకేసారి రాయించి ఇప్పించమ్మా. మాటిమాటికీ రావాలంటే మా ఊరి నుండి రెండు బస్సులు మారాలి. ఇంటి దగ్గరే వేసుకుంటాడు."

ఆ తల్లి అడిగినదానిలో తప్పేమీ లేదు. ఆమెకు ఒక రోజు కూలి పోతే పొయ్యి వెలగదు. కొడుకు మారతానన్నాడు, ఆ మాట చల్లారకముందే ఏదో ఒకటి చెయ్యాలని ఆమె ఆరాటం. ఆమెకు నేనిచ్చిన జవాబే ఈ కథ. నర్సింగ్ చదివే రోజుల్లో మందుల క్లాసులో మా ట్యూటర్ గారు ఈ సంగతి మాకు చెప్పారు. పాఠం మరిచిపోయినా ఈ కథ మాత్రం నేను మరిచిపోలేదు. తర్వాత ఇంకొంత చదివి తెలుసుకున్నాను.

ఆ కుర్రవాడు

అతని పేరు కీత్ మూన్. ఇంగ్లాండు దేశంలో, లండన్ నగరంలో 1946 ఆగస్టు 23న పుట్టాడు. వెంబ్లీ అనే ప్రాంతంలో పెరిగాడు. సామాన్యమైన కుటుంబం. చదువు అబ్బలేదు. కుదురు లేని పిల్లవాడు, ఒక్క చోట కూర్చోలేడు. అలాంటి పిల్లలు మన ఇళ్ళలోనూ ఉంటారు కదా! స్కూలు రిపోర్టులో అందరూ చివాట్లే రాస్తే, సంగీతం టీచరు మాత్రం పిల్లవాడిలో సామర్థ్యం ఉందనీ, అయితే నలుగురిలో గొప్ప చూపించుకునే గుణాన్ని అదుపులో పెట్టుకోవాలనీ రాశారట.

12 ఏళ్ళ వయసులో సీ క్యాడెట్స్‌లో చేరాడు. అది మన ఎన్.సి.సి. లాంటిది. అక్కడి బ్యాండులో మొదట బాకా ఇచ్చారు. అది కష్టమనిపించి డ్రమ్ము తీసుకున్నాడు. అంతే, జీవితానికి దారి దొరికింది. 14 ఏళ్ళకు బడి మానేసి, రేడియోలు బాగుచేసే పనిలో చేరి, ఆ డబ్బుతో సొంత డ్రమ్ములు కొనుక్కున్నాడు. కార్లో లిటిల్ అనే పేరున్న డ్రమ్మరు దగ్గర పాఠానికి 10 షిల్లింగులు ఇచ్చి నేర్చుకున్నాడు. 'బీచ్‌కోంబర్స్' అనే బృందంలో చేరాడు. పగలంతా ఆఫీసులో ఉద్యోగం, రాత్రి వాయిద్యం.

1964 ఏప్రిల్‌లో 'ది హూ' అనే బృందంలో చేరాడు. ఆ పేరుకి మన భాషలో 'ఎవరు' అని అర్థం. అప్పటికి అతనికి 17 ఏళ్ళు. పాడేవాడు రోజర్ డాల్ట్రీ, గిటార్ పీట్ టౌన్‌షెండ్, బేస్ గిటార్ జాన్ ఎంట్విజిల్. నలుగురిలో చిన్నవాడు మన కీత్.

మన గుళ్ళలో కూడా ఇప్పుడు యవ్వనస్థులు డ్రమ్ములు వాయిస్తున్నారు. ఎలా వాయిస్తారు? పాట పాడేవారికి తాళం తప్పకుండా వెనక నుండి ఆసరాగా వాయిస్తారు. కీత్ అలా వాయించలేదు. రెండు పెద్ద డ్రమ్ములు, చుట్టూ చిన్న డ్రమ్ములు, తాళాలు పెట్టుకుని, పాటకు తానే ముందు నడుస్తున్నట్టు వాయించేవాడు. అతని వాయిద్యం విని సంగీతం తెలిసినవారే ఆశ్చర్యపోయేవారు. 1969లో ఆ బృందం 'టామీ' అనే సంగీత కథను విడుదల చేసింది. చూపు, వినికిడి, మాట లేని ఒక పిల్లవాడి కథ అది. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీత ఉత్సవంలో లక్షల మంది ముందు వాయించారు. 1971లో 'హూస్ నెక్స్ట్', 1973లో 'క్వాడ్రోఫీనియా' అనే ఆల్బములు వచ్చాయి. పేరు, డబ్బు, కార్లు, బంగళాలు అన్నీ వచ్చాయి. అప్పటికి అతనికి ఇంకా 30 ఏళ్ళు కూడా లేవు.

అందరూ నవ్వారు

దీనితో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. మొదట హుషారు కోసం మాత్రలు, తర్వాత మద్యం, తర్వాత రెండూ కలిపి. తాగినప్పుడు అతను చేసే పనులు జనానికి వినోదం. హోటల్ గదుల్లో సామాను పగలగొట్టేవాడు. మరుగుదొడ్లలో టపాకాయలు పేల్చేవాడు. వాయించిన డ్రమ్ములను స్టేజీ మీదే తన్ని పడగొట్టేవాడు. పత్రికల వాళ్ళు అవన్నీ రాసి అమ్ముకున్నారు. అభిమానులు 'పిచ్చి మూన్' అని ముద్దుగా పిలుచుకున్నారు.

మన సినిమాల్లోనూ తాగుబోతు పాత్ర తూలుతూ రాగానే హాలంతా నవ్వుతుంది. పెళ్ళిళ్ళలో ఒక మామయ్యో బాబాయో తాగి డాన్సు చేస్తే పిల్లలంతా చుట్టూ చేరి చప్పట్లు కొడతారు. నవ్వుతున్నంత కాలం ఎవరికీ అది జబ్బు అని తోచదు. ఆ మనిషికీ తోచదు.

కీత్ ఇంట్లో మాత్రం నవ్వు లేదు. అతను 1966లో పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంవత్సరమే కూతురు పుట్టింది. తాగి వచ్చి చేసే గొడవను, కొట్టడాన్ని భార్య ఏళ్ళ తరబడి భరించింది. చివరికి 1973లో బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది. 1975లో విడాకులయ్యాయి.

1970 జనవరి 4న ఇంకొక ఘోరం జరిగింది. హాట్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక మద్యశాల బయట అల్లరిమూక అతని కారును చుట్టుముట్టింది. అతని డ్రైవరు వాళ్ళను తప్పించడానికి కారు దిగాడు. ఆ గందరగోళంలో కీత్ స్టీరింగు పట్టుకుని కారు ముందుకు పోనిచ్చాడు. డ్రైవరు ఆ కారు కిందనే పడి చనిపోయాడు. విచారణలో అది ప్రమాదమని తేల్చారు. తాగి నడిపినందుకు కోర్టు కూడా అతనికి శిక్ష వెయ్యలేదు. కానీ ఆ మరణం జీవితాంతం అతన్ని వెంటాడిందని దగ్గరివారు చెప్పారు. ఆ బాధను మరిచిపోవడానికి ఇంకా తాగాడు. బాధ మరవడానికి తాగడం, తాగి ఇంకొక బాధ తెచ్చుకోవడం, ఈ గానుగ మీకు కొత్త కాదు.

1973 నవంబరు 20న అమెరికాలో కౌ ప్యాలెస్ అనే పెద్ద హాలులో కచేరీ జరుగుతోంది. మత్తు మాత్రలు, బ్రాందీ కలిసి అతను డ్రమ్ముల మీదే ఒరిగిపోయాడు. లోపలికి తీసుకెళ్ళి కొంత తేరుకున్నాక మళ్ళీ కూర్చోబెట్టారు. మళ్ళీ పడిపోయాడు. చివరికి ప్రేక్షకుల్లో డ్రమ్ములు వచ్చినవారు ఎవరైనా ఉన్నారా అని స్టేజీ మీది నుండి అడిగారు. స్కాట్ హాల్పిన్ అనే 19 ఏళ్ళ కుర్రవాడు ఎక్కి మిగిలిన పాటలకు వాయించాడు. లోకం ఇప్పటికీ దాన్ని ఒక వింతగా చెప్పుకుంటుంది. నర్సుగా నాకు మాత్రం మందు, మాత్ర కలిస్తే మనిషి ఏమవుతాడో అది అందరి ముందూ ఇచ్చిన హెచ్చరికలా కనిపిస్తుంది.

మానాలనుకున్నాడు

అతను మానాలని అనుకోలేదా? అనుకున్నాడు. ఆస్పత్రుల్లో చేరాడు, బయటికి వచ్చాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. 1978లో 'హూ ఆర్ యూ' అనే ఆల్బము తయారయ్యేనాటికి ఆ చేతులు మునుపటి చేతులు కావు. అందులో ఒక పాట తాళం అతనికి పట్టుబడక, ఆ పాటను డ్రమ్ములు లేకుండానే ఉంచేశారు. ఆ ఆల్బము అట్ట మీద బొమ్మలో అతన్ని ఒక కుర్చీ తిప్పి వేసి కూర్చోబెట్టారు, ఉబ్బిన పొట్ట కనబడకూడదని. ఆ కుర్చీ వీపు మీద 'తీసుకుపోరాదు' అనే అర్థం వచ్చే మాట రాసి ఉంది. ఆ ఆల్బము బయటికి వచ్చిన మూడు వారాలకే అతను పోయాడు.

మానసిక ఆస్పత్రిలో చేరడానికి అతనికి భయం. ఇంటి దగ్గరే ఉండి మానతానన్నాడు. డాక్టరు అతనికి 'క్లోమెథయజోల్' అనే మందు రాశారు. తాగుడు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్, నిద్రలేమి తగ్గించడానికి అది వాడతారు. 100 మాత్రలు ఒకేసారి ఇచ్చారు. తాగాలనిపించినప్పుడు ఒకటి వేసుకో, రోజుకు మూడు మించవద్దు అని చెప్పారు.

1978 సెప్టెంబరు 6 రాత్రి ఒక సినిమా ప్రదర్శన సందర్భంగా పాల్ మెకార్ట్నీ ఇచ్చిన విందుకు వెళ్ళాడు. స్నేహితురాలితో కలిసి లండన్‌లోని ఫ్లాటుకు తిరిగి వచ్చాడు. మాత్రలు వేసుకుని పడుకున్నాడు. పొద్దున లేచి ఆకలి అన్నాడు. ఆమె వండి పెట్టింది, తిన్నాడు. మళ్ళీ మాత్రలు వేసుకుని నిద్రపోయాడు. మధ్యాహ్నం ఆమె లేపబోతే లేవలేదు.

పోస్టుమార్టంలో అతని కడుపులో 32 మాత్రలు దొరికాయి. వాటిలో 6 మాత్రమే కరిగాయి. ఆ ఆరే ప్రాణం తీయడానికి సరిపోయాయి. మిగతా 26 ఇంకా కరగనే లేదు. అప్పటికి అతని వయసు కూడా 32 ఏళ్ళే.

గమనించండి. అతన్ని చంపింది సారా కాదు, బ్రాందీ కాదు. మానిపించడానికి ఇచ్చిన మందు. మందు చెడ్డదా? కాదు. సీసా అంతా ఒక రోగి చేతిలో పెట్టి, లెక్క చూసేవారు లేకపోవడం వల్ల వచ్చిన ముప్పు అది. "రెండు నెలలకు సరిపడా ఇప్పించమ్మా" అన్న ఆ తల్లికి నేను ఎందుకు కాదన్నానో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన మెదడులో ఆటోకి ఉన్నట్టే ఒక బ్రేకు, ఒక యాక్సిలరేటరు ఉంటాయి. మద్యం ఆ బ్రేకును నొక్కుతుంది. అందుకే తాగినవాడి మాట ముద్దగా వస్తుంది, కాళ్ళు తడబడతాయి. ఏళ్ళ తరబడి రోజూ బ్రేకు నొక్కుతూ ఉంటే, బండి ఆగిపోకుండా మెదడు తనంతట తాను యాక్సిలరేటరు పెంచుకుంటుంది. ఒక రోజు ఉన్నట్టుండి మద్యం ఆపారనుకోండి. బ్రేకు మీది నుండి కాలు తీసినట్టే. యాక్సిలరేటరు మాత్రం పూర్తిగా తొక్కి ఉంది. బండి అదుపు తప్పుతుంది.

చివరిసారి తాగిన ఆరు నుండి పన్నెండు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, వాంతులు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనబడతారు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు అనిపిస్తుంది, సొంత భార్యనే గుర్తుపట్టరు, జ్వరం వస్తుంది. మన ఊళ్ళలో దీన్ని చూసి గాలి సోకిందనో ఎవరో చేతబడి చేశారనో అనుకుని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. అది గాలీ కాదు, దెయ్యమూ కాదు. వైద్యం చెయ్యకపోతే ప్రాణం పోయే జబ్బు. వైద్యం చేస్తే ఎక్కువమంది కొద్ది రోజుల్లో మామూలు మనుషులవుతారు.

ఇక్కడ ఒక మాట గౌరవంతో చెబుతాను. అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు, మన శ్రమల దినాల్లో, రంజాను నెలలో చాలామంది అన్నలు తాగుడు ఆపేస్తారు. ఎంతో మంచి నిర్ణయం. దేవుని పేరు మీద మానినవారికి బలం కూడా దొరుకుతుంది. కానీ రోజూ పొద్దున్నే చుక్క పడితేగాని చేతి వణుకు ఆగనివాళ్ళు ముందుగా డాక్టరుతో చెప్పి మానాలి. ఇంటివాళ్ళు గదిలో పెట్టి తాళం వేసి మానిపించాలని చూడకూడదు. రెండో రోజుకు ఫిట్స్‌తో మోసుకొచ్చిన మనిషిని మా వార్డులో నేను చూశాను. ఆ భార్య ఏడుస్తూ, "మంచే చేశాననుకున్నాను సిస్టర్" అంది. ఆమె మంచే చెయ్యాలనుకుంది, పద్ధతి తెలియలేదు, అంతే. సమయానికి తీసుకొచ్చింది కాబట్టి అతను బతికాడు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

ఒకటి. తాగుడు మానడానికి ఇచ్చే మాత్రలు మత్తు మాత్రలే. మన దగ్గర సాధారణంగా క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపామ్, లోరాజిపామ్ వంటివి ఇస్తారు. కొన్ని రోజుల పాటు ఇచ్చి, మోతాదు తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తారు. ఇవి కూడా బ్రేకునే నొక్కుతాయి. వీటి మీద మద్యం తాగితే రెండు కాళ్ళతో బ్రేకు తొక్కినట్టు. నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. మళ్ళీ తాగినట్టు తెలిస్తే ఆ రోజు మాత్ర మీ అంతట మీరు ఇవ్వకండి. డాక్టరుకి ఫోను చేసి అడగండి, లేదా తీసుకురండి.

రెండు. మాత్రల సీసా రోగి తలగడ కింద ఉండకూడదు. ఇంట్లో బాధ్యత గల ఒక్కరి దగ్గర, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఏ పూటకు ఎన్ని రాశారో అన్నే చేతిలో పెట్టి, ఎదురుగా నీళ్ళతో మింగించాలి. నోట్‌బుక్కులో టిక్కు పెట్టుకోవాలి. ఇది అనుమానం కాదు, ప్రేమ. మత్తు నిద్రలో ఉన్న మనిషి, వేసుకున్నానా లేదా అన్నది మరిచిపోయి మళ్ళీ వేసుకుంటాడు.

మూడు. డాక్టరు వారానికో, ఇంకా తక్కువ రోజులకో రాస్తే విసుక్కోకండి. పాత చీటీ చూపించి షాపులో ఇంకొక అట్ట కొనకండి. పక్కింటాయనకు పనిచేసిన మాత్ర మీ ఆయనకు వెయ్యకండి.

నాలుగు. తెలియకుండా కూరలో, టీలో కలిపే 'మందు మాన్పించే పొడి' గురించి చాలామంది అక్కలు రహస్యంగా అడుగుతారు. కొన్నిటిలో ఉండేది డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి బి.పి. పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ప్రాణమే పోవచ్చు. పాపం, ఆ మనిషికి తన కూరలో ఏముందో తెలియదు కాబట్టి మామూలుగానే తాగుతాడు. ఈ మందు మంచిదే, అయితే రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాక, పరీక్షలు చేసి డాక్టరు ఇవ్వాలి. దొంగచాటుగా ఎప్పుడూ వద్దు.

ఐదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. 108కి ఫోను చెయ్యండి.

ఆరు. ఎక్కువ కాలం తాగినవాళ్ళకు విటమిన్ బి1 తగ్గిపోతుంది. దానివల్ల నడక తూలడం, మతిమరుపు, కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం వస్తాయి. అందుకే వార్డులో ముందుగా ఆ ఇంజెక్షను చేస్తాం. "బలం ఇంజెక్షనే కదా, ఎందుకు?" అని వద్దనకండి.

నిద్రపోతున్నాడులే అనుకోకండి

ఇంకొక డ్రమ్మరు సంగతి రెండు మాటల్లో చెబుతాను. పేరు జాన్ బోనమ్. 'లెడ్ జెప్లిన్' అనే బృందంలో వాయించేవాడు. 1980 సెప్టెంబరు 24న పొద్దున టిఫిను దగ్గర మొదలుపెట్టి రాత్రి దాకా వోడ్కా తాగుతూనే ఉన్నాడు. దాదాపు 40 కొలతలు తాగినట్టు తర్వాత లెక్క కట్టారు. నిద్రపోతే తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. మర్నాడు చూస్తే చనిపోయి ఉన్నాడు. నిద్రలో వాంతి అయి, అది ఊపిరి గొట్టంలోకి పోయింది. అతనికీ 32 ఏళ్ళే. డిసెంబరులో ఆ బృందం, అతను లేకుండా ఇక ముందుకు సాగలేమని ప్రకటించి ఆగిపోయింది.

"తాగి పడుకున్నాడు, పొద్దున్నే లేస్తాడులే, లేపితే తిడతాడు" అని మనం కూడా పక్క గదిలోకి వెళ్ళిపోతాం. ఎంత కోపం ఉన్నా, ఆ రాత్రి ఒక పని చెయ్యండి. వెల్లకిలా ఉన్న మనిషిని పక్కకు తిప్పి, మళ్ళీ వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక దిండు పెట్టండి. ఒంటరిగా వదలకండి. మధ్యమధ్య లేపి చూడండి. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, గురకలో గరగర చప్పుడు వస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఒళ్ళు చల్లబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108 పిలవండి. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పొయ్యకండి. అవే ఊపిరి గొట్టంలోకి పోతాయి.

బతికి బయటపడినవాడు

ఇప్పటిదాకా దుఃఖమే చెప్పాను. ఇలా ముగిస్తే మీరు రాత్రి నిద్రపోరు. ఒక ఆశ గల మాట చెబుతాను.

కీత్ మూన్‌కు ఒక స్నేహితుడు ఉండేవాడు. అతనూ డ్రమ్మరే. 'బీటిల్స్' బృందంలో వాయించిన రింగో స్టార్. ఇద్దరూ కలిసి తాగినవాళ్ళే. కీత్ కన్నా ఆరేళ్ళు పెద్ద. కీత్ పోయిన తర్వాత కూడా రింగో ఇంకా పదేళ్ళు తాగాడు. ఏం చేశాడో మర్నాడు గుర్తుండని స్థితికి వచ్చాడు. 1988లో అతనూ, అతని భార్యా ఇద్దరూ కలిసి అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఒక చికిత్సా కేంద్రంలో చేరారు. ఇద్దరికీ ఆ అలవాటు ఉంది, ఇద్దరూ కలిసే వైద్యం చేయించుకున్నారు. బయటికి వచ్చి మానేశారు. మరుసటి సంవత్సరమే కొత్త బృందం కట్టుకుని స్టేజీ ఎక్కాడు. 2025 జూలైలో 85వ పుట్టినరోజు జరుపుకున్నాడు.

ఇంకొక చక్కని సంగతి. రింగో కొడుకు జాక్ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు కీత్ అతనికి ఒక డ్రమ్ముల సెట్టు ఇచ్చాడు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, 1996 నుండి దాదాపు మూడు దశాబ్దాలు 'ది హూ' బృందంలోనే, కీత్ కూర్చున్న చోటనే కూర్చుని వాయించాడు.

కీత్‌కు డబ్బు తక్కువై కాదు, తెలివి తక్కువై కాదు. రింగోకు ఎక్కువైనదేమిటి? వైద్యులు, నర్సులు ఉన్న చోట చేరాడు. ఒంటరిగా మానలేదు, తోడు ఉంది. మీ ఇంట్లో మనిషికి ఆ తోడు మీరే. వైద్యం అయ్యాక కూడా తోడు అవసరమే. మద్యం మానినవారు కలిసి కూర్చుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ఎ.ఎ. కూడికలు 1935లో అమెరికాలో మొదలై, ఇప్పుడు మన పట్టణాల్లోనూ జరుగుతున్నాయి. డబ్బు అడగరు, ఏ మతమని అడగరు. ఫోనులో సలహా కావాలంటే ప్రభుత్వం వారి మత్తు విముక్తి నంబరు 14446 ఉంది. మనసు కుంగిపోతే మాట్లాడడానికి 14416 ఉంది. రెండూ ఉచితమే.

ఒకసారి మాని మళ్ళీ తాగాడని మనసు విరిచేసుకోకండి. షుగరు పెరిగితే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా, ఇదీ అంతే. "నీ వల్ల కాదు" అనే మాట మాత్రం అనకండి. అలాగని దెబ్బలు తింటూ ఊరుకోమని నేను చెప్పను. మీకూ పిల్లలకూ ప్రమాదం ఉంటే ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి. అక్కడి నుండి కూడా అతని కోసం ప్రార్థించవచ్చు, వైద్యానికి సహాయం చెయ్యవచ్చు.

నేను మొదట చెప్పిన ఆ తల్లి సంగతి. డాక్టరు గారితో మాట్లాడి, ఆమె కొడుకును పది రోజులు వార్డులోనే ఉంచుకున్నాం. ఇంటికి పంపేటప్పుడు కొద్ది మాత్రలే ఇచ్చాం, వాటిని అతని చేతికి కాక తల్లి చేతికి ఇచ్చాం. ఆమె వాటిని కొంగు చివర ముడి వేసుకుని బస్సు ఎక్కింది. ఇంటికి వెళ్ళాక పెట్టెలో పెట్టి తాళం వేసుకోమని చెప్పాను. వచ్చే మంగళవారం మళ్ళీ రావాలి. వస్తే మీతో పాటు ఇదే హాలులో కూర్చుంటుంది. ఆమెను మీరు గుర్తుపట్టనక్కరలేదు, పక్కన కాస్త చోటు ఇస్తే చాలు.

మీ ప్రశ్నలు అందరి ముందు అడగడానికి సిగ్గుపడితే, రాత్రి డ్యూటీలో నేను వార్డులోనే ఉంటాను, వచ్చి అడగండి. మీరు చెప్పిన మాట బయటికి పోదు. మీ మంచాల మీద ఉన్నవారికి దేవుడు స్వస్థత ఇచ్చును గాక. వారి పక్కన మేల్కొని ఉన్న మీకు బలమిచ్చును గాక.